ఇంటి గడప నుండి విశ్వవిద్యాలయం గడప దాకా



మార్కు సువార్త రెండవ అధ్యాయంలో ఒక పక్షవాత రోగిని నలుగురు మనుషులు మోసుకొనివస్తారు. కఫర్నాములో ఆ ఇంటి వాకిలి నిండా జనం, లోపలికి దారి లేదు. వాళ్లు వెనుదిరగలేదు. ఇంటిపైకి ఎక్కి, కప్పు విప్పి, పడకతోసహా అతడిని ప్రభువు ఎదుటకు దించారు. ఈ భాగంమీద ప్రసంగాలు మనం ఎన్నో విన్నాం. ప్రభువు ముందుగా పాపాలు క్షమించిన సంగతి, ధర్మశాస్త్ర బోధకులు మనసులో సణుగుకొన్న సంగతి అందరికీ గుర్తుంటాయి. ఆ ఇల్లుగలాయన ఏమన్నాడో, ఆ కప్పు మళ్లీ ఎవరు వేయించారో సువార్తలో లేదు. అయితే ప్రభువు మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని చూశాడని సువార్తికుడు మరచిపోకుండా రాశాడు. వాళ్లు గనుక వాకిట్లో జనాన్ని చూసి, పాపం వీడి రాత ఇంతే అని ఇంటికి మోసుకుపోయి ఉంటే ఆ అధ్యాయమే లేదు.

ఈ వారం ఈ పాఠం రాయడానికి కారణం ఒక తల్లి. బొగ్గుగనుల ప్రాంతంలోని ఒక విచారణలో పూజ ముగిశాక గుడి వెనుక నిలబడి, అందరూ వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చింది. "ఫాదర్, మా పిలగాడు ఇంటర్ పాసైండు. పుట్టిన కాడి నుంచి కండ్లు సక్కగ కనబడవు. ఇంక సదివిచ్చి ఏం జేస్తం, ఇంటికాడనే ఉండనీ అంటుండు వాళ్ల నాయిన. మీరేమంటరు?" అని అడిగింది. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఆ పిల్లవాడిని పదేళ్లపాటు సైకిలుమీద బడికి తీసుకుపోయింది ఆయనే. ఇప్పుడు రోడ్లకు, రైళ్లకు, పరాయి ఊరి హాస్టలుకు భయపడుతున్నాడు. ఆమెకు అక్కడికక్కడ రెండు మాటలు చెప్పాను గాని, అవి చాలవని ఇంటికి వచ్చాక అనిపించింది. ఇలాంటి తల్లిదండ్రులు మన విచారణలన్నిటిలో ఉన్నారు.

ఎంతమంది ఉన్నారు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. నూటికి 2.21 మంది. అంటే వెయ్యిమంది విశ్వాసులున్న విచారణలో ఇరవై ఇద్దరు. ఆదివారం పూజలో వారిలో ఎంతమంది మీకు కనబడుతున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కనబడనివారు ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు. జ్ఞానస్నానపు రిజిష్టరులో వాళ్లకు పునీతుల పేర్లున్నాయి. వాడకట్టులో మాత్రం కుంటోడు, గుడ్డిది, మూగోడు అనే పిలుస్తారు. ప్రభుత్వం ఈమధ్య దివ్యాంగులు అనే మాట వాడుతోంది. మంచిదే. నేను పాత అలవాటుకొద్దీ వికలాంగులు అని రాస్తున్నాను. పిల్లను మేరీ అని పేరుపెట్టి పిలిస్తే ఈ రెండు మాటల అవసరం చాలాచోట్ల ఉండదు.

పిల్లలను దాచిపెట్టడం పేదలు, చదువురానివారు చేసే పని అనుకోకండి. అమెరికాలో కెన్నెడీలు పేరున్న కథోలిక కుటుంబం. ఆ ఇంట్లో రోజ్‌మేరీ అనే అమ్మాయి బుద్ధిమాంద్యంతో పెరిగింది. 1941లో తండ్రి ఆమెకు మెదడు శస్త్రచికిత్స చేయించాడు. అది వికటించి ఆమె మాట, నడక చాలావరకు పోగొట్టుకుంది. తర్వాత విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫ్రాన్సిస్కన్ సిస్టర్లు నడిపే సంస్థలో 2005లో చనిపోయేదాకా ఉంది. చాలా ఏళ్లు ఆమె సంగతి ఇంట్లోవాళ్లు బయట మాట్లాడలేదు. 1962లో ఆమె చెల్లెలు యూనిస్ ఒక పత్రికలో ధైర్యంగా రాసింది. మరుసటి ఏడు అక్టోబరు 31న వారి అన్న, అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ఒక చట్టంమీద సంతకం పెట్టాడు. మూడు వారాలకే ఆయన హత్యకు గురయ్యాడు. ఆ చట్టంతో విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ప్రత్యేక కేంద్రాలు వెలిశాయి. నేడు ఆ దేశంలో ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒకటి ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయులను, వైద్యులను తయారుచేయడం, తల్లిదండ్రులకు దారి చూపడం, పరిశోధన చేసి దాన్ని ఊళ్లకు చేర్చడం వాటి పని. విశ్వవిద్యాలయంలో విద్య ఉంటుంది, పల్లెలో పిల్లవాడు ఉంటాడు, ఈ రెంటికీ మధ్య ఒక బాట ఉండాలన్నది అందులోని ఆలోచన.

మనకు అలాంటి బాట లేదా? ఉంది. సికింద్రాబాదులో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్ ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం అక్కడ బుద్ధిమాంద్యంగల వారికోసం జాతీయ సంస్థను స్థాపించింది. చాలామందికి అది ఎన్‌ఐఎంహెచ్ అనే పేరుతోనే తెలుసు. ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అక్కడ ప్రత్యేక విద్యలో బీఎడ్ వంటి కోర్సులు నడుస్తాయి. అక్కడ చదివినవారు దేశమంతటా పనిచేస్తున్నారు. పసిపిల్లలను పరీక్షించి, ఆలస్యంగా నడిచేవారికి, మాట రానివారికి ఇంట్లో ఏమేమి చేయించాలో తల్లికి నేర్పి పంపుతారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ప్రత్యేక విద్యలో బీఎడ్ నడుపుతోంది. ఇలా చదివినవారు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. అప్పుడే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయడానికి అర్హత వస్తుంది.

ఇప్పుడు మన మండలాలకు వద్దాం. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు అని ఉంటాయి. చాలామంది వాటి బోర్డు చూసి ఉంటారు, లోపలికి వెళ్లి ఉండరు. అక్కడ పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆ శిక్షణతోనే వచ్చినవారు. కదలలేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్తారు. ఫిజియోథెరపీకి నిర్ణయించిన రోజులుంటాయి. అయితే ఆ ఉపాధ్యాయులకు మీ ఇంట్లో ఒక పిల్ల ఉందని తెలియాలి కదా! లెక్కలు రాసుకోవడానికి వచ్చినవారితో "మా ఇంట్ల అసుంటోళ్లెవ్వరు లేరు" అని చెప్పి పంపించిన ఇళ్లు నాకు తెలుసు. పెద్దకూతురికి సంబంధాలు వస్తున్నాయి, చిన్నదాని సంగతి తెలిస్తే చెడిపోతాయని ఆ తల్లి భయం. ఆ భయాన్ని నేను తేలిక చేయను. కాని ఆరేళ్ల లోపు దాటిపోయిన కాలం ఆ చిన్నదానికి తిరిగిరాదు.

చదువుకొన్న పిల్లల విషయానికి వస్తాను. పూర్వం ఏ సాయమూ లేకుండా పైకి వచ్చినవారు ఉన్నారు. ఎస్. జైపాల్‌రెడ్డిగారికి ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. చేతికర్రల సాయంతో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే విద్యార్థి నాయకుడై, తర్వాత కేంద్రమంత్రి అయ్యారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకొన్నారు. 2019లో కన్నుమూశారు. ఆయన చదివే రోజుల్లో ఈ విషయమై చట్టం లేదు, ర్యాంపు అనే మాట వినబడేది కాదు. అలాంటివారిని చూపి "చదవాలనుకున్నోడు ఎట్లయినా చదువుతడు" అనడం మనకు అలవాటు. ఈ మాట నాకు నచ్చదు. ఒక్కరు ఎక్కారు కాబట్టి మెట్లు చాలు అన్నట్టుంటుంది. ఎక్కలేక కింద ఉండిపోయినవారిని ఎవరు లెక్కపెట్టారు?

శ్రీకాంత్ బొల్లా సంగతి చూడండి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టినప్పటినుండి చూపులేదు. హైదరాబాదులో అంధుల పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివాడు. ఐఐటీ కోచింగు సంస్థలు చేర్చుకోకపోతే అమెరికాలోని ఎంఐటీకి దరఖాస్తు పెట్టాడు. చూపులేని తొలి విదేశీ విద్యార్థిగా అక్కడ సీటు పొందాడు. తిరిగివచ్చి హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వికలాంగులకు పని ఇచ్చాడు. ఆయనమీద 2024లో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి మన పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెడితే ఆ టికెట్టు డబ్బులు దండుగ.

ఇంతకూ చట్టం ఏమంటుంది? 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, కొత్తదానిలో ఇరవై ఒకటి. ఆదిలాబాదు ప్రాంతంలోని మన గిరిజన కుటుంబాలు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. సికిల్ సెల్ జబ్బు, తలసీమియా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చూడడానికి కాళ్లు చేతులు బాగానే ఉన్న అమ్మాయి, మాటిమాటికి కీళ్లనొప్పులతో ఆస్పత్రి పాలవుతూ, హాజరు తగ్గి చదువు మానేస్తుంది. ఆమెకు కూడా వైకల్యం నూటికి నలభై లేక అంతకంటే ఎక్కువ అని వైద్యులు ధ్రువీకరిస్తే ఈ హక్కులు వర్తిస్తాయి. ఈ సంగతి చదువుకొన్నవారిలో కూడా చాలామందికి తెలియదు.

ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు నూటికి 5 సీట్లకు తక్కువ కాకుండా వీరికి కేటాయించాలి. 60 సీట్లుంటే 3. వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు ఉంది. ఈ సీట్లు నింపకుండా వదిలేస్తున్నారని 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం (1976), కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం (2008), బాసరలోని ట్రిపుల్ ఐటీ (2008), మూడూ ఈ చట్టం కిందికి వచ్చేవే. పరీక్షల విషయంలో కూడా ఏర్పాట్లున్నాయి. చూపులేనివారు, రాయలేనివారు స్క్రైబును పెట్టుకోవచ్చు. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. కంప్యూటరు తెరమీది అక్షరాలను తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మన భాషలకు అలాంటి గొంతు తయారుచేసే పరిశోధనలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు పాలుపంచుకొన్నారు. పుస్తకం కంటితో చదవలేని పిల్లవాడు చెవితో చదవగలడు. ఆ తల్లికి నేను చెప్పినప్పుడు నమ్మలేదు. ఆమె ఫోనులోనే వినిపించాను.

కరీంనగర్‌నుండి హైదరాబాదుకు బస్సులో పోయేటప్పుడు శామీర్‌పేట వస్తుంది. అక్కడ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మనం ఎన్నోసార్లు దాని పక్కనుంచే పోయి ఉంటాం. అక్కడ వికలాంగుల విషయాల అధ్యయనానికి ఒక కేంద్రం ఉంది. కొత్త చట్టానికి ముసాయిదా తయారయ్యే దశలో ఆ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు అమితా ధండాగారు న్యాయపరమైన పని చేశారు. చూపులేని రాజీవ్ రాతూరి అనే ఆయన బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని 2023లో కోర్టు ఈ నల్సార్ కేంద్రాన్నే అడిగింది. వారిచ్చిన నివేదికను ఆధారం చేసుకొని 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. భవనాలు, రవాణా అందరికీ అందేలా ఉండడం దయమీద ఆధారపడే సలహాగా మిగలరాదని, తప్పనిసరిగా పాటించే నియమాలు చేయాలని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన దారిలోనే ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో కూర్చుని రాసిన కాగితాలకు దేశమంతటా విలువ వచ్చింది.

చట్టాలున్నంత మాత్రాన అన్నీ జరిగిపోతున్నాయని నేను అనడం లేదు. లిఫ్టు ఉండి కరెంటు లేని చోట్లు, ర్యాంపు ఉండి దానిమీద మోటారు సైకిళ్లు నిలిపే చోట్లు చూస్తూనే ఉన్నాం. అయినా ఒకటి గమనించండి. అడిగేవాడు ఎదురుగా నిలబడిన చోట ర్యాంపు ఖాళీ అవుతుంది. ఎవరూ రాని కాలేజీలో ఎవరికోసం ఖాళీ చేస్తారు?

సీటు దాకా చేరడానికి కావలసింది ముందుగా కాగితం. మనవాళ్లు సదరం సర్టిఫికెట్ అంటే పింఛనుకు మాత్రమే అనుకుంటారు. పింఛను రాదని తెలిస్తే సర్టిఫికెట్టే తీయించరు. ఇప్పుడు దేశమంతటికీ ఒకే రకమైన యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకొని, పిలిచిన రోజున ఆస్పత్రిలో వైద్యుల ముందు హాజరు కావాలి. ఇంటర్ పరీక్షలు అయ్యాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. పదో తరగతిలో ఉండగానే చేయించుకోండి, పరీక్షలో స్క్రైబుకు కూడా పనికి వస్తుంది. డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. అందులో వికలాంగులకు ప్రత్యేక కేటగిరీ ఉంది. ఫారం నింపేటప్పుడే ఆ గడిలో గుర్తు పెట్టాలి. ప్రకటనలో చెప్పిన తేదీన అసలు సర్టిఫికెట్లు చూపించాలి. ఇంటర్నెట్ సెంటరులో తొందరలో నింపేవాడు ఆ గడి వదిలేస్తే అడిగేవాడుండడు. కాబట్టి తండ్రో, అన్నో పక్కన కూర్చొని నింపించండి.

కొందరు తల్లిదండ్రులు "దూరవిద్యలో కడదాం ఫాదర్, ఇంట్లనే ఉండి సదువుకుంటడు" అంటారు. 1982లో మొదలైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎందరికో మేలు చేసింది. అసలు కదలలేనివారికి, పనిచేసుకుంటూ చదివేవారికి అది మంచి దారి. అయితే కాలేజీకి పోగలిగిన పిల్లవాడిని మన భయంకొద్దీ దూరవిద్యలో పెడితే వాడికి పుస్తకం దొరుకుతుంది గాని తోటివాళ్లు దొరకరు. పద్దెనిమిదేళ్లవాడికి తోటివాళ్లు చదువంత అవసరం.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులు ఏ భేదమూ చూపకుండా వైకల్యంగల పిల్లలను చేర్చుకొని, తోటి పిల్లలతో కలిపి చదివించాలని 2016 చట్టం 16వ సెక్షనులో ఉంది. మన ఇంగ్లీషు మీడియం స్కూళ్లన్నీ గుర్తింపు పొందినవే. ప్రవేశ పరీక్ష పెట్టి "మీ బాబుకు మా స్కూలు సరిపోదు" అని నెమ్మదిగా చెప్పి పంపే అలవాటు మనవాళ్లలో ఎక్కడైనా ఉంటే, అది మానుకోవడానికి విశ్వవిద్యాలయం రానవసరం లేదు. ప్రత్యేక విద్యలో చదివిన టీచరు ఒకరిని పెట్టుకోవచ్చు. విచారణలో బీఎడ్ చదవాలనుకునే అమ్మాయిలకు, అబ్బాయిలకు ఈ ప్రత్యేక బీఎడ్ సంగతి చెప్పండి. ఇక గుడి. ఎన్నో చోట్ల ఐదారు మెట్లు ఎక్కితేగాని పూజకు రాలేము. దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి వీల్‌చైరు పోయే దారి ఉండదు. పండుగకు రంగులు వేయించే డబ్బులో కొంత తీస్తే, మేస్త్రీకి వారం రోజుల పని.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. రెండో వారం తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. సర్టిఫికెట్ ఐదేళ్ల కిందటే తీసి బీరువాలో పెట్టారట. ఫారం నింపడానికి విచారణ యువజన సంఘంలో డిగ్రీ చదివే ఇద్దరు కూర్చున్నారు. మొదటి ఆప్షను హన్మకొండలోని కాలేజీ పెట్టుకున్నాడు. మంచిర్యాలనుండి కాజీపేటకు రైలుంది. తండ్రి గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. చాలాసేపటికి, "రైలు దిగినంక ఎవరు తోల్కపోతరు?" అని బయటనుంచే అడిగాడు. ఫారం నింపుతున్నవారిలో ఒకడు అదే ఊళ్లో చదువుతున్నాడు. "మొదటి నెల నేను తోల్కపోత బాపూ, తర్వాత ఆడే నన్ను తోల్కపోతడు" అన్నాడు. ఆయన నవ్వలేదు గాని, చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.